పదవీ విరమణ సొమ్ము నుంచి దానం: తిరుపతి, చిత్తూరు ప్రాంతం

పదవీ విరమణతో చేతికొచ్చే సొమ్ములో కొంత ధర్మకార్యానికి ఇవ్వడం తిరుపతి, చిత్తూరు ప్రాంతపు ఉద్యోగుల కుటుంబాల్లో ఎప్పటినుంచో ఉన్న ఆచారం. ఉపాధ్యాయులు, రైల్వే, తపాలా, బ్యాంకు, ఆర్టీసీ, దేవస్థానం ఉద్యోగులు దీన్ని పాటిస్తూ వచ్చారు. ఇచ్చేది భవిష్య నిధి నుంచి కావచ్చు, గ్రాట్యుటీ నుంచి కావచ్చు, కమ్యుటేషన్ మొత్తం నుంచి కావచ్చు, నెలనెలా వచ్చే పెన్షన్ నుంచి కావచ్చు. తిరుమలలో అన్నప్రసాదం, పేదలకు వైద్యం, అనాథ పిల్లల చదువు, ఊళ్లో తాము పాఠాలు చెప్పిన బడి, ఇవి దానం అందుకునే వాటిలో ముఖ్యమైనవి. అమెరికాలో రిటైర్మెంట్ ఖాతా నుంచి సొమ్ము దాత చేతికి రాకుండానే సేవాసంస్థకు చేరే పద్ధతి 2006 నుంచి ఉంది. భారతదేశంలో అలాంటి నేరుదారి లేదు. ఇక్కడ వృద్ధాప్యపు సొమ్ము ముందు దాత బ్యాంకు ఖాతాలో పడాలి, ఆ తర్వాతే దానం. పన్ను లెక్కలు ఇందుకు ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, ముసలితనంలో ఆదుకోవలసిన సొమ్ము పరుల పాలు కాకుండా కాపాడేందుకు బ్రిటిష్ కాలం నుంచి వస్తున్న చట్టాలు.

పూర్వరూపం

మూలధనం కదలకుండా ఉంచి దాని రాబడితో ఏటా ఒక ధర్మం జరిపించడం తిరుమలకు కొత్త కాదు. ఇక్కడి శాసనాల్లో ప్రసిద్ధమైనది పల్లవ వంశానికి చెందిన సామవై రాణిది. భోగ శ్రీనివాసమూర్తి వెండి విగ్రహాన్ని సమర్పించిన ఆమె, దాని నైవేద్యానికీ ఉత్సవాలకూ భూములు కూడా ఇచ్చింది. విజయనగర కాలానికి వచ్చేసరికి భూమితోపాటు నగదు దానాలు పెరిగాయి. దాత అప్పటి నాణేలైన నర్పణాల లెక్కన డబ్బును ఆలయ ఖజానా అయిన శ్రీభండారంలో జమ చేసేవాడు. ఆలయ పాలకులైన స్థానత్తార్లు ఆ సొమ్మును ఆలయ గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికి వెచ్చించేవారు. వాటి కింద పెరిగిన పంట రాబడితో దాత కోరిన రోజున, కోరిన నైవేద్యం జరిగేది. తాళ్లపాక అన్నమాచార్యుల కుమారుడు పెద తిరుమలాచార్యుల పేరుతోనూ ఇలాంటి దాన శాసనాలు ఉన్నాయి. నైవేద్యమైన ప్రసాదంలో నాలుగో వంతు దాతకు చెందడం అప్పటి ఆనవాయితీ. చాలామంది తమ వంతును యాత్రికులకు పెట్టే అన్నానికో, శ్రీవైష్ణవులకు భోజనం పెట్టే రామానుజకూటానికో మళ్లించేవారు.

చరిత్రకారుడు బర్టన్ స్టైన్ 1960లో వెలువరించిన పరిశోధన వ్యాసం ఈ ఏర్పాటును ఆర్థిక కోణంలో పరిశీలించింది. దేవుడికి చేరిన డబ్బు ఖజానాలో మూలుగుతూ ఉండకుండా, కరువు సీమలో నీటివసతి పెంచి తిరిగి దేవుడి దగ్గరికే వచ్చేదని ఆ శాసనాలు స్పష్టంగా చూపిస్తాయి. నేటి దానాల్లో చెరువు స్థానాన్ని బ్యాంకు డిపాజిట్ ఆక్రమించింది. అసలు అలాగే ఉంచి వడ్డీతో పని జరిపించే తీరు మాత్రం మారలేదు. పెళ్లిరోజు, అమ్మానాన్నల తిథి, పిల్లల పుట్టినరోజు పేరిట శాశ్వత అన్నదానానికి సొమ్ము కట్టే విశ్రాంత ఉద్యోగి ఈ పాత పద్ధతినే అనుసరిస్తున్నాడు. కాణిపాకం, శ్రీకాళహస్తి ఆలయాల అన్నదాన పథకాలూ ఈ కోవలోవే.

చట్టం పెట్టిన అడ్డుకట్ట

1871 నాటి పెన్షన్ల చట్టం నేటికీ అమల్లో ఉంది. దాని 11వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ పెన్షన్‌ను అప్పులవాళ్లు కోర్టు ద్వారా జప్తు చేయించలేరు. 12వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. ఇంకా చేతికి రాని పెన్షన్‌ను మరొకరికి రాసిచ్చే ఏ ఒప్పందమూ చెల్లదని చెప్పింది. ఈ రక్షణ వడ్డీ వ్యాపారుల నుంచి పెన్షనర్లను కాపాడేందుకు వచ్చింది. అయితే ధర్మసంస్థకూ అదే సూత్రం వర్తిస్తుంది. వచ్చే ఏడాది పెన్షన్ మొత్తాన్ని ఒక ఆసుపత్రికి రాసిస్తూ ఎవరైనా పత్రం చేసినా ఆ పత్రానికి విలువ ఉండదు. బ్యాంకులో పడిన పెన్షన్‌ను మాత్రం ఎవరికైనా ఇవ్వొచ్చు.

భవిష్య నిధులకూ ఇలాంటి కంచె ఉంది. ప్రభుత్వ ఉద్యోగుల నిధికి 1925 నాటి ప్రావిడెంట్ ఫండ్స్ చట్టం, కంపెనీల ఉద్యోగులకు 1952 నాటి ఉద్యోగుల భవిష్య నిధి (ఈపీఎఫ్) చట్టం వర్తిస్తాయి. నిధిలో ఉన్న సొమ్మును తాకట్టు పెట్టడానికీ మరొకరికి బదలాయించడానికీ ఈ రెండూ ఒప్పుకోవు. ఈపీఎఫ్ సభ్యుడు విరమణ తర్వాత పెట్టుకునే దరఖాస్తులో సొంత బ్యాంకు ఖాతా వివరాలే ఇవ్వాలి. ట్రస్టు ఖాతా సంఖ్య రాసే వీలు లేదు.

మరణానంతరం సొమ్ము ఎవరికి చేరాలో చెప్పే నామినేషన్ విషయంలోనూ కుటుంబానిదే మొదటి హక్కు. కుటుంబం ఉన్న ఈపీఎఫ్ సభ్యుడు బయటివారి పేరు రాస్తే ఆ నామినేషన్ చెల్లదు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టమూ ఇదే మాట చెప్పింది. కుటుంబ పెన్షన్ సంగతి మరీ కచ్చితమైనది. ఒక రైల్వే ఉద్యోగి కుటుంబానికి సంబంధించిన వయొలెట్ ఐజాక్ కేసులో సుప్రీంకోర్టు 1991లో తీర్పు ఇస్తూ, కుటుంబ పెన్షన్ ఉద్యోగి ఆస్తిలో భాగం కాదని, దాన్ని వీలునామా ద్వారా ఎవరికీ రాసివ్వడం కుదరదని తేల్చింది. అది భార్యకో భర్తకో పిల్లలకో నియమాల ప్రకారం నేరుగా దక్కే హక్కు.

ఈ కంచెలో ఒక చిన్న తలుపు ఉంది. అది చాలామందికి తెలియదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించే 1960 నాటి సాధారణ భవిష్య నిధి (జీపీఎఫ్) నియమాల్లో నామినేషన్‌కు సంబంధించిన ఐదో నియమం, కుటుంబం లేని చందాదారు ‘వ్యక్తి’ని నామినీగా పెట్టుకోవచ్చని చెబుతూ, ఆ మాటలో సంస్థలూ సంఘాలూ చేరతాయని వివరించింది. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి వంటి నిధులు, ధర్మ ట్రస్టులు కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయి. సొమ్ము తీసుకునే అధికారం ఉన్న ట్రస్టు కార్యదర్శి హోదా పేరిట నామినేషన్ రాయాలి. అంటే భార్యాబిడ్డలు లేని తపాలా ఉద్యోగో, శ్రీహరికోట అంతరిక్ష కేంద్రంలో పనిచేసిన పాత తరం ఉద్యోగో తన జీపీఎఫ్ నిల్వ సేవాసంస్థకే చేరేలా బతికుండగానే ఏర్పాటు చేసుకోవచ్చు. భారతీయ నియమాల్లో రిటైర్మెంట్ ఖాతా నుంచి ధర్మసంస్థకు నేరుగా సొమ్ము చేరే దారికి దగ్గరగా వచ్చేది ఇదే. 2004 జనవరి 1 నుంచి కేంద్ర సర్వీసులో చేరినవారు కొత్త పెన్షన్ విధానంలోకి వెళ్లడంతో జీపీఎఫ్ చందాదారులు ఏటేటా తగ్గిపోతున్నారు, దాంతోపాటే ఈ తలుపూ మూసుకుపోతోంది.

దానం నడిచే దారులు

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగుల విరమణ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022 జనవరి నుంచి 62కి పెరిగింది. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవారికి పాత పెన్షన్, ఆ తర్వాత చేరినవారికి ఉద్యోగి చందాతో నడిచే పెన్షన్ పథకం (సీపీఎస్) వర్తిస్తాయి. పాత విధానంలో ఉన్న ఉపాధ్యాయుడు విరమణ చేస్తే గ్రాట్యుటీ, జీపీఎఫ్ నిల్వ, సంపాదిత సెలవుల నగదు, పెన్షన్‌లో 40 శాతం వరకు ముందుగా అమ్ముకునే కమ్యుటేషన్ మొత్తం కొద్ది నెలల తేడాతో వచ్చి పడతాయి. జీవితంలో అంత డబ్బు ఒకేసారి చూడడం చాలామందికి అదే మొదలు, అదే చివర. దానం మాట ఇంట్లో నలిగేదీ అప్పుడే. కూతురి పెళ్లి బాకీ, ఇంటి అప్పు, కొడుకు అడిగే పెట్టుబడి, ఎన్నాళ్లనుంచో మొక్కుకున్న అన్నదానం, ఇవన్నీ ఒకే సొమ్ము కోసం పోటీపడతాయి.

కమ్యుటేషన్ సొమ్మును దానానికి వాడేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అది అదనంగా వచ్చిన సొమ్ము కాదు. ముందు ముందు రావలసిన నెలసరి పెన్షన్‌లో కొంత భాగాన్ని వదులుకుని తెచ్చుకున్నది, ఆ మేరకు కోత ఏళ్ల తరబడి సాగుతుంది. కాబట్టి గ్రాట్యుటీ నుంచి ఇచ్చిన లక్ష, కమ్యుటేషన్ నుంచి ఇచ్చిన లక్ష దాతకు ఒకే బరువు కావు. వైద్యం ఖర్చులకు, జీవిత భాగస్వామి భవిష్యత్తుకు పక్కన పెట్టాక మిగిలినదానిలోంచి ఇచ్చే దానమే నిలుస్తుంది. విరమణ అయిన మొదటి ఏడాది ఉత్సాహంలో పెద్ద మొత్తం ఇచ్చేసి తర్వాత మందుల ఖర్చుకు ఇబ్బంది పడే పరిస్థితిని ఏ ధర్మశాస్త్రమూ కోరదు.

సీపీఎస్ ఉద్యోగుల లెక్క వేరు. విరమణ వేళ పోగైన నిధిలో 60 శాతం వరకు పన్ను లేకుండా చేతికి వస్తుంది. కనీసం 40 శాతంతో బీమా సంస్థ నుంచి క్రమంగా పెన్షన్ ఇచ్చే యాన్యుటీ కొనాలి. ఆ 40 శాతాన్ని ట్రస్టుకు మళ్లించే వీలు లేదు. దానం చేయాలనుకుంటే చేతికి వచ్చిన 60 శాతం నుంచో, తర్వాత వచ్చే యాన్యుటీ నుంచో చేయాలి.

పెద్ద మొత్తం ఒకేసారి ఇవ్వలేనివారికి, ఇవ్వకూడదనుకునేవారికి నెలవారీ దానం అనువైనది. పెన్షన్ పడే ఖాతా ఉన్న బ్యాంకుకు స్థిర సూచన (స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్) ఇస్తే ప్రతి నెలా నిర్ణీత తేదీన నిర్ణీత మొత్తం సంస్థ ఖాతాలోకి వెళ్తుంది. కావలసినప్పుడు ఆపేసే హక్కు దాతకు ఉంటుంది కాబట్టి ఇది 1871 చట్టానికి విరుద్ధం కాదు. ఖాతాదారు చనిపోయాక ఆ సూచన ఆగిపోతుంది.

అందుకునే సంస్థలు

ఈ ప్రాంతంలో విశ్రాంత ఉద్యోగుల దానాలకు అతిపెద్ద గమ్యం తిరుమల తిరుపతి దేవస్థానం ట్రస్టులు. వాటిలో అన్నప్రసాదం ట్రస్టు ముందు నిలుస్తుంది. నిత్యాన్నదాన పథకాన్ని 1985 ఏప్రిల్ 6న అప్పటి ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావు తిరుమలలో ప్రారంభించారు. రోజుకు రెండువేల మందికి భోజనం పెట్టడంతో మొదలైన ఆ పథకం 1994లో ప్రత్యేక ట్రస్టు అయింది, 2014లో శ్రీవేంకటేశ్వర అన్నప్రసాదం ట్రస్టుగా పేరు మారింది. మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనం 2011లో అందుబాటులోకి వచ్చింది. చిత్తూరు సీమలోని తరిగొండలో పుట్టి, తిరుమలలో స్థిరపడి కావ్యాలు రాసిన కవయిత్రి పేరు ఆ భవనానికి పెట్టడం సముచితం. ఒక రోజు ఖర్చు మొత్తం భరించిన దాత పేరు ఆ రోజు భవనంలోని తెరమీద కనిపిస్తుంది. పంక్తుల్లో కూర్చున్నవారు అరిటాకులో అన్నం వడ్డిస్తుండగా ఆ పేరు చదువుతారు.

ఆ ఒక రోజు ఖర్చుకు ఇవ్వవలసిన మొత్తం 2023లో 33 లక్షలు, 2024లో 38 లక్షలు, 2025లో 44 లక్షల రూపాయలు. 44 లక్షల్లో ఉదయం అల్పాహారానికి 10 లక్షలు, మధ్యాహ్న భోజనానికి 17 లక్షలు, రాత్రి భోజనానికి 17 లక్షలు. ఇంత మొత్తం సాధారణ పెన్షనర్‌కు అందేది కాదు, అతను తన శక్తికొద్దీ ఇచ్చింది ట్రస్టు నిధిలో కలుస్తుంది. అయితే ఈ అంకెలు వడ్డీ మీద నడిచే దానాలన్నిటికీ వర్తించే ఒక సమస్యను పట్టి చూపిస్తాయి. రెండేళ్లలో ఖర్చు మూడో వంతు పెరిగింది. డిపాజిట్ వడ్డీ అంత వేగంగా పెరగదు. ఇరవై ఏళ్ల కిందట ఊరి గుడిలో ఏటా వందమందికి భోజనం పెట్టేందుకు సరిపోయిన డిపాజిట్ ఇవాళ అందులో కొద్దిమందికే సరిపోతుంది. పాత కాలపు చెరువు కింద పండిన ధాన్యానికి ధర పెరిగితే దానం విలువా పెరిగేది. బ్యాంకు అసలుకు ఆ గుణం లేదు. అందుకే వడ్డీలో కొంత ఏటా అసలుకు కలిపే నిబంధనను దానపత్రంలో రాయించుకోవడం తెలివైన పని.

వైద్యం వైపు ఆసక్తి ఉన్న దాతలకు తిరుపతిలోనే దారులున్నాయి. వికలాంగుల శస్త్రచికిత్సలకు బర్డ్ ఆసుపత్రి, 1993 నుంచి నడుస్తున్న స్విమ్స్, 2021 అక్టోబరులో మొదలైన శ్రీపద్మావతి చిన్నపిల్లల హృదయాలయం దేవస్థానం అండతో పనిచేస్తున్నాయి. గుండె, మూత్రపిండాలు, మెదడు జబ్బులతో బాధపడే పేదల చికిత్సకు ప్రాణదాన ట్రస్టు ఉంది. అనాథ పిల్లల కోసం 1943లో ఏర్పడిన బాలమందిరం నేడు సర్వశ్రేయస్ ట్రస్టు నీడలో నడుస్తోంది. 2025లో రేణిగుంటకు చెందిన ఒక వృద్ధురాలు ఉద్యోగ జీవితమంతా దాచుకున్న 50 లక్షల రూపాయలను ఈ ట్రస్టుకే ఇచ్చారు. పసిపిల్లల తిండికీ చదువుకీ జీవితకాలపు పొదుపును ఇచ్చిన ఆ దానం, పదవీ విరమణ సొమ్ము ఎంత దూరం పోగలదో చెప్పే ఉదాహరణ.

దేవస్థానం వెలుపల 1981లో గుత్తా మునిరత్నం తిరుపతిలో స్థాపించిన రాష్ట్రీయ సేవా సమితి గ్రామాల్లో మహిళలు, పిల్లలు, వృద్ధుల కోసం పనిచేస్తోంది. మదనపల్లె దగ్గర క్షయరోగుల కోసం 1915లో మొదలైన ఆరోగ్యవరం వైద్యకేంద్రం, చిత్తూరు సరిహద్దు దాటగానే ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఈ ప్రాంత క్రైస్తవ కుటుంబాల దానాలకే కాక, అక్కడ ప్రాణాలు దక్కించుకున్న అన్ని మతాలవారి కృతజ్ఞతా దానాలకూ గమ్యాలు. 1954లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఎండోమెంట్ నిధులతో బంగారు పతకాలు, నగదు బహుమతులు ఇస్తారు. విశ్రాంత ఆచార్యులు తమ గురువు పేరుతోనో తల్లిదండ్రుల పేరుతోనో ఇలాంటి నిధి పెట్టడం పరిపాటి. పల్లెల్లో ఇదే పని చిన్న స్థాయిలో జరుగుతుంది. పదో తరగతిలో మొదటి మార్కులు తెచ్చుకున్న విద్యార్థికి ఏటా ఇచ్చే బహుమతికి డిపాజిట్ చేసిన పాత ప్రధానోపాధ్యాయుడు లేని మండలం అరుదు.

పన్ను లెక్క

దానానికి ఆదాయపు పన్నులో మినహాయింపు 1961 నాటి చట్టంలో సెక్షన్ 80జి కింద ఉండేది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 నాటి కొత్త చట్టంలో ఇదే విషయం సెక్షన్ 133కి మారింది. ముఖ్యమంత్రి సహాయనిధి, ప్రధానమంత్రి సహాయ నిధి వంటి వాటికి ఇచ్చినదానికి నూటికి నూరు శాతం, గుర్తింపు పొందిన మామూలు ట్రస్టులకు ఇచ్చినదానికి సగం మినహాయింపు దొరుకుతుంది. మామూలు ట్రస్టుల విషయంలో లెక్కలోకి తీసుకునే దానం, సవరించిన స్థూల ఆదాయంలో పది శాతానికి మించకూడదు. నగదుగా ఇస్తే రెండువేల రూపాయల వరకే మినహాయింపు. బియ్యం, కూరగాయలు, బంగారం వంటి వస్తుదానాలకు అసలే లేదు. హుండీలో వేసినదానికి రసీదు ఉండదు కనుక మినహాయింపూ ఉండదు. ఆర్థిక సంవత్సరం ముగిశాక సంస్థ తన దాతల జాబితాను పన్ను శాఖకు ఫారం 10బీడీలో పంపి, ఫారం 10బీఈ ధ్రువపత్రాన్ని మే 31లోపు దాతకు ఇవ్వాలన్నది పాత చట్టం కింద వచ్చిన ఏర్పాటు. విరాళం ఇచ్చేటప్పుడు పాన్ నంబరు తప్పు రాస్తే ఆ జాబితాలో దాత వివరాలు సరిపోలక ఇబ్బంది వస్తుంది.

నేటి పెన్షనర్‌కు ఈ మినహాయింపు ఎంతవరకు ఉపయోగం? ఏడాదికి ఆరున్నర లక్షల పెన్షన్ తప్ప మరో రాబడి లేని 65 ఏళ్ల విశ్రాంత ఉపాధ్యాయుడు 2025-26 ఆర్థిక సంవత్సరంలో ఒక ట్రస్టుకు 50 వేలు ఇచ్చాడనుకుందాం. పాత పన్ను విధానంలో 50 వేల ప్రామాణిక తగ్గింపు పోగా ఆరు లక్షలు మిగులుతుంది. దానంలో సగం, అంటే 25 వేలు తగ్గిస్తే పన్ను పడే ఆదాయం 5,75,000. సెస్సుతో కలిపి అతను కట్టవలసిన పన్ను 26,000 రూపాయలు. దానం చేయకపోతే 31,200 కట్టేవాడు, అంటే ఆదా 5,200. అదే మనిషి కొత్త పన్ను విధానంలో ఉంటే ప్రామాణిక తగ్గింపు 75 వేలు. పన్నెండు లక్షల లోపు ఆదాయానికి రిబేటు ఉండడంతో పన్ను ఏమీ పడదు, దానం చేసినా చేయకపోయినా సున్నే. ఆ విధానంలో 80జి మినహాయింపు వర్తించదు, అతనికి దాని అవసరమూ లేదు.

2023-24 నుంచి కొత్త విధానమే అందరికీ వర్తించే మూల విధానం అయింది, పాతది కావాలంటే ఎంచుకోవాలి. దీంతో మధ్యస్థాయి పెన్షనర్ల దానాలకూ పన్నుకూ మధ్య ఉన్న లంకె దాదాపు తెగిపోయింది. ఇంటి అద్దె, వడ్డీ రాబడి ఎక్కువగా ఉండి పాత విధానంలోనే కొనసాగేవారికే 80జి రసీదు విలువైనది. మరోవైపు జీపీఎఫ్, అయిదేళ్ల సర్వీసు దాటిన ఈపీఎఫ్, పరిమితి లోపు గ్రాట్యుటీ తీసుకునేటప్పుడు పన్నే ఉండదు. కాబట్టి ఆ సొమ్మును ఖాతా నుంచి నేరుగా ట్రస్టుకు పంపినా పన్నులో కలిసొచ్చేది ఏమీ ఉండదు. భారతదేశంలో నేరుదారి కోసం గట్టి గొంతు వినిపించకపోవడానికి ఇదొక కారణం. అయితే కుటుంబం లేని వృద్ధుల నామినేషన్ విషయంలో మాత్రం ఆ లోటు నిజంగా ఉంది.

వీలునామా ద్వారా

బ్యాంకు డిపాజిట్లకు నామినీగా వ్యక్తులనే పెట్టగలం, ట్రస్టును పెట్టలేం. 2025 నవంబరు నుంచి నలుగురి వరకు నామినీలను పెట్టుకునే వీలు వచ్చినా ఈ సంగతి మారలేదు. పైగా నామినీ సొమ్ముకు యజమాని కాడు, వారసుల తరఫున తీసుకునేవాడు మాత్రమేనని శర్బతీ దేవి కేసులో 1984లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అందువల్ల విరమణ సొమ్ములో మిగిలిన భాగం తన తర్వాత సేవాసంస్థకు చేరాలని కోరుకునేవారికి వీలునామాయే నమ్మదగిన సాధనం. బతికున్నంత కాలం సొమ్ము దాత చేతిలోనే ఉంటుంది, జబ్బుకో అవసరానికో వాడుకోవచ్చు, మనసు మారితే కొత్త వీలునామా రాయవచ్చు. ముసలితనంలో దానం చేయదలచినవారికి దీనికి మించిన భద్రత మరొకటి లేదు.

1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామాపై ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ చేయిస్తే తగాదాలు తగ్గుతాయి. గ్రాట్యుటీ, జీపీఎఫ్ సొమ్ము ఉద్యోగి చేతికి వచ్చాక అతని స్వార్జితమే. కాబట్టి హిందూ కుటుంబంలోనూ పిల్లల అనుమతి లేకుండా రాయవచ్చు. ట్రస్టు పూర్తి పేరు, చిరునామా, సొమ్ము వాడవలసిన పని, దాన్ని అమలు చేసే వ్యక్తి పేరు స్పష్టంగా ఉండాలి. ‘తిరుమలకు ఇవ్వాలి’ అని మాత్రమే రాస్తే ఏ ట్రస్టుకో తేలక కాలయాపన జరుగుతుంది. క్రైస్తవులకు గతంలో ఒక అడ్డంకి ఉండేది. దగ్గరి బంధువులు ఉన్నవారు ధర్మకార్యానికి రాసే వీలునామా మరణానికి కనీసం పన్నెండు నెలల ముందు రాసి ఉండాలని అదే చట్టంలోని 118వ సెక్షన్ కోరేది. జాన్ వల్లమట్టం కేసులో 2003లో సుప్రీంకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. హైదరాబాద్‌కు చెందిన ఒక విశ్రాంత ఐఆర్‌ఎస్ అధికారి తన ఇంటినీ బ్యాంకు పొదుపునూ దేవస్థానానికి రాసిన వీలునామా 2025లో అమలైంది. నగదును అన్నప్రసాదం, గోసంరక్షణ, వేద పరిరక్షణ, విద్యాదానం వంటి ట్రస్టులకు పేరుపేరునా విడదీసి రాయడం వల్ల అమలు సులువైంది.

అమెరికాలోని నేరుదారి, ప్రవాసాంధ్రులు

1965లో అమెరికా వలస చట్టం మారాక వెళ్లిన తెలుగు వైద్యులు, ఇంజనీర్లలో తిరుపతి శ్రీవేంకటేశ్వర వైద్య కళాశాల, ఇంజనీరింగ్ కళాశాలల్లో చదివినవారు ఎందరో ఉన్నారు. ఆ తొలి తరం ఇప్పుడు డెబ్భై దాటింది. వారికి అందుబాటులో ఉన్న పద్ధతి వేరు. ఐఆర్ఏ అనే వ్యక్తిగత రిటైర్మెంట్ ఖాతాలో ఏళ్ల తరబడి పోగైన సొమ్ము తీసుకునేటప్పుడు పన్ను పడుతుంది. 73 ఏళ్లు వచ్చాక ఏటా ఇంత తీయాల్సిందేనన్న నిబంధన ఉంది, అవసరం లేకపోయినా తీసి పన్ను కట్టాలి. 2006లో వచ్చిన పెన్షన్ రక్షణ చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. డెబ్భైన్నర ఏళ్లు నిండిన ఖాతాదారు తన ఖాతా నిర్వహించే సంస్థ ద్వారా సొమ్మును నేరుగా సేవాసంస్థకు పంపిస్తే ఆ మొత్తం అతని ఆదాయంలోకి రాదు, అయినా ఆ ఏడు తీయవలసిన కనీస మొత్తం కింద లెక్కకు వస్తుంది. మొదట తాత్కాలికంగా పెట్టిన ఈ వెసులుబాటును 2015 డిసెంబరులో శాశ్వతం చేశారు. ఏడాదికి లక్ష డాలర్లుగా ఉన్న పరిమితి 2024 నుంచి ధరల సూచీతో పెరుగుతూ 2025లో 1,08,000 డాలర్లకు చేరింది.

ఉదాహరణకు ఏడాదికి 20 వేల డాలర్లు తీయవలసిన వైద్యుడు అందులో 8 వేలు నేరుగా సంస్థకు పంపితే, 12 వేలే అతని ఆదాయంలో కనిపిస్తాయి. ముందు తన ఖాతాలోకి తెచ్చుకుని తర్వాత చెక్కు రాస్తే ఈ ఫలితం రాదు. 401కె వంటి కంపెనీ పథకాల నుంచి నేరుగా ఇలా పంపే వీలు లేదు, ముందు ఐఆర్ఏలోకి మార్చుకోవాలి.

తిరుపతికి ఇవ్వాలనుకునే వారికి ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మొదటిది, సొమ్ము అందుకునేది అమెరికాలో గుర్తింపు పొందిన సేవాసంస్థే అయి ఉండాలి. తిరుమల దేవస్థానానికో, రాష్ట్రీయ సేవా సమితికో, చదువుకున్న కళాశాలకో నేరుగా పంపితే అది ఈ లెక్కలోకి రాదు. అమెరికాలో నమోదై భారతదేశంలో పనిచేసే అమెరికన్ ఇండియా ఫౌండేషన్, తానా ఫౌండేషన్ వంటి సంస్థలకో, అక్కడే గుర్తింపు పొందిన పూర్వ విద్యార్థుల సంస్థలకో ఇవ్వాలి. రెండోది, దాతకు ప్రతిఫలంగా ఏమీ దక్కకూడదు. దర్శనంలో ప్రత్యేక సౌకర్యాలు ముడిపడిన విరాళాలకు అలవాటుపడినవారు ఈ షరతును మరిచిపోతారు. విందు టికెట్టు వంటి చిన్న ప్రయోజనం తీసుకున్నా ఆ దానం మొత్తానికి మినహాయింపు పోతుంది.

డబ్బు భారతదేశానికి చేరేటప్పుడు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ఎదురవుతుంది. విదేశీ సొమ్ము తీసుకునే సంస్థకు కేంద్ర హోంశాఖ నమోదు ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ముందుగా న్యూఢిల్లీలోని భారతీయ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. అమెరికాలో ఉంటున్నా భారత పౌరసత్వం వదులుకోనివారు బ్యాంకు ద్వారా పంపే సొంత పొదుపును ఈ చట్టం విదేశీ విరాళంగా చూడదు. అమెరికా పౌరులైపోయి భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు మాత్రమే ఉన్నవారి సొమ్ము, అది చిత్తూరులోని సొంత ఊరి బడికే అయినా, విదేశీ విరాళమే అవుతుంది.